బెదురు గిత్త

గుండ్లకమ్మ ఒడ్డున ఒక ఊళ్ళో వెంకయ్య అనే రైతు ఉండేవాడు. మూడెకరాల పొగాకు, ఒక బండి, ఒక జత ఎడ్లు. దాపటిది ముసలిది, పుట్టుకతో నిదానం కాదు గానీ నిదానం నేర్చుకున్నది. వలపటిది నాలుగేళ్ళ ఒంగోలు గిత్త. ఒళ్ళంతా తెలుపు, మెడా మూపురం మాత్రం మబ్బు రంగు. అందుకని ఇంట్లో చిన్నా పెద్దా దాన్ని మైలోడని పిలిచేవాళ్ళు.

ఆ ఏడు పొగాకు బాగా వచ్చింది. రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలైన దగ్గర్నుంచీ బండి ఆగింది లేదు. పగలంతా చేలోనుంచి ఆకు తోలడం, రాత్రంతా ఆకు ఆరబెట్టే బ్యారన్‌ కింద మంట పెట్టడం. ఒక తెల్లవారుజామున ఖాళీ బండి కట్టుకుని వెంకయ్య వాగు చప్టా దగ్గరికి వచ్చాడు. జమ్ము పొదలోంచి నాలుగు కౌజుపిట్టలు టపటపమని లేచాయి. అంతే. మైలోడు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. ఒళ్ళంతా వణుకు, నోట నురగ, కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. కాడి విదిలించి, పగ్గం తెంపుకునేంత పని చేశాడు. ముసలెద్దు పక్కన నిలబడి చోద్యం చూసింది.

వెంకయ్యకు కాళ్ళు చేతులు ఆడలేదు. బండి దిగి, ముకుతాడు పట్టుకుని, ఎట్టాగో ఇంటి వైపు తిప్పాడు. తిప్పిన పది అడుగులకే గిత్త సర్దుకుంది. ఆ ఉదయం గిత్త ఒక సంగతి నేర్చుకుంది: చప్టా దగ్గర చావుంది, ఇంటి దారిలో బతుకుంది. వెంకయ్య కూడా అదే నేర్చుకున్నాడు.

మర్నాడు చప్టా ఇంకా కనపడకముందే మైలోడు చెవులు నిక్కించాడు. వెంకయ్య ఎందుకొచ్చిన గొడవ అని చింతతోపు చుట్టూ తిరిగి వెళ్ళాడు. మైలు దూరం ఎక్కువైతే అయింది, బండి క్షేమంగా చేరింది. కొన్నాళ్ళకు చింతతోపు దగ్గర కూడా గిత్త బిగుసుకుంది. అక్కడినుంచి చూస్తే చప్టా కనపడుతుంది మరి. వెంకయ్య ఊరవతల డొంకన పడ్డాడు. డొంకలోనూ అదే వరస. చివరికి కాడి దించుతుంటే మువ్వల చప్పుడుకే మైలోడికి వణుకు పుట్టే స్థితి వచ్చింది. కొట్టం గడప దాటితే ఒట్టు.

ఊరన్నాక సలహాలకు కరువా. ఒకరు కొమ్ములకు నిమ్మకాయలు కట్టమన్నారు, కట్టాడు. ఒకరు చెర్నాకోల తీసుకుని నాలుగు తగిలించమన్నారు, అదీ అయింది. ఆ రోజు గిత్త కట్టుకొయ్యే పీకింది. ఇంకొకరు కళ్ళకు గంతలు కట్టమన్నారు. ఇది పనిచేసింది. గంతలుంటే నడిచేది. ఒకనాడు నడిదారిలో గంతలు జారాయి. ఆనాటి బెదురు అంతకుముందు బెదురులన్నిటికంటే పెద్దది. ఇక కోతకు అమ్మడమేనని వెంకయ్య అంటుంటే, భార్య సుబ్బులు ఊరుకోలేదు. నలభై ఏళ్ళు ఒంగోలుకూ చీరాలకూ బండి తోలిన తన పెదనాన్నకు కబురంపింది.

ముసలాయన వచ్చాడు. వచ్చినవాడు చప్టా ఎక్కడని అడగలేదు. "ముందు పశువుల డాక్టర్ని పిలిపించు అల్లుడూ. కళ్ళకేమన్నా అయిందేమో, గిట్టలో ముల్లేమన్నా దిగిందేమో. జబ్బుంటే ఆ సంగతి వేరు" అన్నాడు. డాక్టరు వచ్చి చూసి, జబ్బేమీ లేదన్నాడు. అప్పుడు ముసలాయన కొట్టంలో మంచం వేయించుకుని ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు.

తెల్లారి వెంకయ్య వచ్చేసరికి ఆయన చుట్ట కాలుస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఈ గొడ్డు నిద్రపోయి ఎన్నాళ్ళయిందిరా?"

వెంకయ్యకు తెలీదు. కొట్టానికి ఆనుకునే బ్యారన్. రాత్రంతా పొగ, మంట ఎగదోసే చప్పుడు, కూలీల కేకలు. గిత్త పడుకున్నది లేదు. మెడ మీద గుడ్డ తీసి చూస్తే కింద కాడి పుండు, రూపాయి బిళ్ళంత. చెవుల్లో పిడుదులు. కుడితి ఒక పూట పొద్దెక్కి పెడితే ఒక పూట లేదు. అన్నిటికీ మించి, పని ఎక్కువగా ఉంది కదా అని వెంకయ్య పందెం ఎడ్లకు పోసినట్టు తెల్లవారుజామున ఖాళీ కడుపున కల్లు పట్టిస్తున్నాడు.

"పిట్టల్ని చూసి బెదిరిందనుకున్నావు నువ్వు. పిట్టలు లేకపోతే ఆకు కదిలినా బెదిరేదే" అన్నాడు ముసలాయన.

కట్టుకొయ్యను పెరటి వేపచెట్టు కిందికి మార్చారు. పుండుకు పసుపూ వేపనూనే. పిడుదులు ఏరారు. వేళకు చొప్ప, వేళకు ఉలవలు. కల్లు బంద్. పక్షం తిరిగేసరికి మైలోడి ఒళ్ళు నిగనిగలాడింది.

"ఇక బాగయినట్టే గదా మావా?"

"ఒళ్ళు బాగయింది. చప్టా సంగతి అట్టాగే ఉంది."

"ఆ దారే మానేస్తే పోలా?"

"మానేసే గదరా ఇందాకా తెచ్చుకున్నావు. నువ్వు మానేసేకొద్దీ చప్టా నీ గుమ్మంలోకి నడిచొస్తది."

బండి లేకుండా, గంతలు లేకుండా ఉత్త గిత్తను తోలుకుని బయల్దేరారు. చప్టా దూరంగా కనపడగానే మైలోడికి వణుకు మొదలైంది. వెంకయ్య చెయ్యి అలవాటుగా పగ్గం మీదికి పోయింది.

"తిప్పమాక. కొట్టమాక. ముందుకీ లాగమాక. ఊరికే నిలబడు" అన్నాడు ముసలాయన, చుట్ట వెలిగిస్తూ.

నిలబడ్డారు. గిత్త రొప్పింది, నురగ కక్కింది, నేల దువ్వింది. వెంకయ్యకు ఆ కాసేపు ఒక యుగం. కానీ ముసలాయన చుట్ట పూర్తిగా కాలనేలేదు, వణుకు తగ్గడం మొదలైంది. ఇంకాసేపటికి మైలోడు తల దించి గట్టున గరిక కొరికాడు. అప్పుడు ముసలాయన, "ఇప్పుడు తిప్పు. బెదిరినప్పుడు తిప్పితే బెదురు గెలిచినట్టు. మేసినప్పుడు తిప్పితే గిత్త గెలిచినట్టు" అన్నాడు.

మర్నాడు ఇంకాస్త దగ్గరికి. ఆ మర్నాడు చప్టా మీదికే. ఒకరోజు బాగుంది, ఒకరోజు మళ్ళీ మొదటికొచ్చింది, ముసలాయన లెక్కచెయ్యలేదు. తర్వాత ఖాళీ బండితో, ఆ తర్వాత ఆకు బరువుతో. రెలుపులు అయిపోవచ్చే ముందు ఒక ఉదయం మళ్ళీ కౌజుపిట్టలు లేచాయి. మైలోడు ఉలిక్కిపడ్డాడు, చెవులు నిక్కించాడు, ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నడిచాడు.

"మళ్ళీ ఎప్పుడన్నా బెదిరితేనో?" అన్నాడు వెంకయ్య.

"బెదురుద్ది. బెదరని గొడ్డుంటదా? బెదిరితే బెదరనీ, నువ్వు మాత్రం ఇంటికి తిప్పమాక."

నీతి

పానిక్ అటాక్‌లు వచ్చే మనిషి రెండు పనులు చేయాలి. బెదురుకు ఒంటిని సిద్ధం చేసి పెడుతున్న వాటిని తగ్గించుకోవాలి. బెదురు వచ్చిన చోటును మాత్రం వదిలిపెట్టకూడదు. చాలామంది సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు. రోజుకు ఆరు కాఫీలూ నాలుగు గంటల నిద్రా అట్టాగే ఉంటాయి. మెట్రో ఎక్కడం మానేస్తారు. తర్వాత లిఫ్టు. తర్వాత పెళ్ళిళ్ళు, కల్యాణమండపాలు. కొందరు చివరికి ఇంటి గేటు దగ్గర ఆగిపోతారు.

ముందు అటాక్‌లో ఒంట్లో జరిగేదేమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది తెలిస్తేనే సగం భయం పోతుంది. అమీర్‌పేటలో కిక్కిరిసిన రైలు ఎక్కినవాడికి ఒక్కసారిగా గుండె దడ పుడుతుంది. ఒళ్ళు చెమటలు, ఛాతీలో బిగుతు, వేళ్ళు తిమ్మిరి, ఇక పోతున్నానన్న భయం. ప్రమాదం వచ్చినప్పుడు పారిపోవడానికో తిరగబడటానికో ఒంటిని సిద్ధం చేసే అడ్రినలిన్, ప్రమాదం లేకుండానే విడుదలైంది. జరిగింది అంతే. ఊపిరి ఆడటం లేదనిపిస్తుంది గానీ నిజానికి అవసరానికి మించి ఆడుతోంది. గబగబా పీల్చి వదలడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దానివల్లే తల తిరగడం, పెదాలూ వేళ్ళూ తిమ్మిరెక్కడం. స్పృహ తప్పి పడిపోతామని చాలామంది హడలిపోతారు. స్పృహ తప్పాలంటే రక్తపోటు పడిపోవాలి, పానిక్‌లో అది పెరుగుతుంది, కాబట్టి పడిపోవడం చాలా అరుదు. రక్తం చూసినా సూది చూసినా కళ్ళు తిరిగేవాళ్ళ సంగతి వేరు, అది ఇంకో రకం భయం.

ఈ ఉప్పెన సాధారణంగా 10 నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరుతుంది. అక్కడినుంచి దానంతటదే దిగుతుంది. చాలామందిలో అరగంటకల్లా పోతుంది. ముసలాయన చుట్ట కాలే వ్యవధి సుమారుగా ఇదే.

1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో పానిక్ డిజార్డర్‌ను ప్రత్యేక జబ్బుగా చేర్చింది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త దీని లోపలి చక్రాన్ని వివరించాడు: గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, మనిషి దాన్ని గుండెపోటు అనుకుంటాడు, ఆ అనుకోవడంతో గుండె ఇంకా వేగం అందుకుంటుంది, అప్పుడు ఇక అనుమానమే లేదంటాడు. ఇవాళ్టి మాటల చికిత్సకు పునాది ఈ వివరణే. మనవాళ్ళు చేతికి వాచీ పెట్టుకుని గంటకు నాలుగుసార్లు నాడి చూసుకోవడం, లక్షణాలు ఫోన్‌లో వెతుక్కోవడం ఈ చక్రాన్ని చేత్తో తిప్పడమే. వాచీలో నాడి చూపించే సదుపాయం ఆపేయమని నా సలహా.

అయితే పశువుల డాక్టరు వచ్చిపోయాకే ముసలాయన పని మొదలుపెట్టాడన్నది మరిచిపోకూడదు. మొదటిసారి ఛాతీ నొప్పీ దడా వస్తే అది పానికే అని ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి. నలభై దాటినవాళ్ళు, షుగరూ బీపీ ఉన్నవాళ్ళు 108కి ఫోన్ చేయాల్సిందే. ఈసీజీ తీయించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా దాదాపు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్, ముక్కు దిబ్బడకు వేసుకునే కొన్ని జలుబు మాత్రలు కూడా దడ పుట్టిస్తాయి. ఇదంతా ఒకసారి చూపించుకుంటే చాలు. ఏమీ లేదని తేలాక కూడా నెలకో కొత్త డాక్టరు, నెలకో కొత్త ఈసీజీ అంటే అది పరీక్ష కాదు, ఆ బెదురుకు మేత.

ఇక కొట్టం సంగతి, అంటే ఒంటిని బెదురుకు సిద్ధం చేసి పెట్టే వాటి సంగతి. కెఫీన్ విషయంలో పానిక్ ఉన్నవాళ్ళ ఒళ్ళు మామూలు వాళ్ళకంటే ఎక్కువ స్పందిస్తుంది. పొద్దున లేవగానే ఏమీ తినకుండా గ్లాసుడు ఫిల్టర్ కాఫీ, ఆఫీసులో గంటగంటకూ టీ, రాత్రి చదువుకు ఎనర్జీ డ్రింక్. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది; సాయంత్రం 6కి తాగిన దానిలో సగం రాత్రి 11కి ఇంకా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి రోజుకొక కప్పు చొప్పున తగ్గించుకోండి. సిగరెట్ మనసుకు నిదానమిస్తుందనుకుంటారు, నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. మద్యం తాగిన రాత్రి బాగానే ఉంటుంది; మర్నాటి పొద్దున దిగేటప్పుడు వచ్చే దడ చాలామందిని ఆసుపత్రి మెట్లెక్కిస్తుంది.

నిద్ర గురించి గచ్చిబౌలిలో అమెరికా వేళల్లో పనిచేసేవాళ్ళకూ, కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తెల్లవారకముందే లేచే ఇంటర్ పిల్లలకూ నీతులు చెప్పడం తేలిక. వాళ్ళ వేళలు వాళ్ళ చేతిలో ఉండవు. కానీ ఏ వేళకు పడుకున్నా రోజూ అదే వేళకు పడుకోవడం, తిండి వేళ తప్పకుండా తినడం కొంతవరకైనా చేతిలో ఉంటుంది. హాస్టల్లో పిల్లకు దడ వస్తోందని తెలిస్తే తల్లిదండ్రులు ర్యాంకు మాట పక్కన పెట్టి ముందు ఎన్ని గంటలు పడుకుంటోందో అడగాలి.

కథలో గిత్తకు కట్టిన గంతలంటే మనుషుల్లో ఏమిటో కూడా చెప్పాలి. ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చోవడం, భర్త పక్కన లేనిదే బజారుకు వెళ్ళకపోవడం, జేబులో మాత్రల రేకు. ఇవి ఉన్నంతసేపు బాగుంటుంది, కానీ ధైర్యం మనిషికి రాదు, రేకుకు వస్తుంది. ఆ రేకులో ఉండేది తరచుగా అల్ప్రాజోలం. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందు అది. అలవాటుపడ్డాక ఉన్నట్టుండి ఆపితే భయం రెట్టింపై తిరిగొస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో ఇదే మందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్ళు కల్లు దొరకని రోజుల్లో వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలవడం అక్కడి డాక్టర్లు ఎన్నోసార్లు చూశారు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపొద్దు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

చప్టా దగ్గరికి వెళ్ళడం ఎట్టాగో చెప్పుకోవాలంటే, బస్సు భయమైతే మొదటిరోజు ఒక్క స్టాపు. భయం వస్తుంది, రానివ్వాలి. కాళ్ళు నేలకు ఆనించి, ముక్కుతో పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు వదలాలి. కాగితం సంచిలోకి ఊపిరి వదిలే పాత చిట్కా వద్దు, ఉబ్బసమో గుండె జబ్బో ఉన్నవాళ్ళకు అది ప్రమాదం. బండి నడుపుతుంటే పక్కకు తీసి ఆపుకుని, తగ్గాక అదే దారిన ముందుకు వెళ్ళాలి. భయం దిగకముందే దిగిపోతే ఆ స్టాపు ఇంకో చప్టా అయిపోతుంది. మానసిక నిపుణుల దగ్గర ఇంకో పద్ధతి ఉంది: కుర్చీలో గిరగిరా తిప్పి, మెట్లు పరుగున ఎక్కించి కావాలనే దడ తెప్పిస్తారు. దడ వచ్చినా ప్రాణం పోదని మనసు మాటలతో నమ్మదు, ఒంటితో నమ్ముతుంది.

పక్కనున్నవాళ్ళు వెంకయ్య స్థానంలో ఉంటారు. "ఏం లేదు, అంతా నీ భ్రమ" అనడం చెర్నాకోల. "పద, ఇంటికెళ్ళిపోదాం" అనడం పగ్గం తిప్పడం. ఈ రెంటిలో ప్రేమగా కనిపించే రెండోదే ఎక్కువ చెరుపు చేస్తుంది. "ఇక్కడే ఉన్నా, కాసేపట్లో దిగుతుంది" అని పక్కన నిలబడితే చాలు.

చికిత్స ఏళ్ళ తరబడి సాగేది కాదు. ఆలోచననూ అలవాటునూ మార్చే సీబీటీ అనే మాటల చికిత్స మొత్తం కలిపి 7 నుంచి 14 గంటలు ఇస్తే సరిపోతుందని బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మందు అవసరమైనవాళ్ళకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు కొన్ని వారాలకు గానీ గుణం చూపించవు, మొదటి రోజుల్లో కంగారు కాస్త పెరిగినా పెరగవచ్చు. అప్పుడు మానేయకుండా డాక్టరుకు చెప్పాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఆ పేర్లు వింటే మనవాళ్ళు ఇప్పటికీ తల దించుకుంటారు, దించుకోవాల్సిన పనే లేదు. అంతదూరం వెళ్ళలేనివాళ్ళకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈమధ్య ఏ దారి మానేశారో ఒకసారి లెక్క చూసుకోండి. ఒక్కటి తేలినా ఈ వారమే ఫోన్ చేయండి.